46 ఏళ్ళకి తెలిసింది ఆటిజం అని. ఇంట్లో ఎట్టా చెప్పేది?

ఉప్పునీళ్ళు
శుక్రవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు దగ్గర, ఇందుకూరుపేట వైపు. ఆక్వా ల్యాబ్‌లో పని. రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు తెస్తే పీహెచ్, సెలినిటీ, అమోనియా చూసి చీటీ రాసిస్తాను. వయసు 46. పోయిన నెల చెన్నైలో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ మూడు సిట్టింగులు చూసి ఆటిజం స్పెక్ట్రమ్ అని రిపోర్ట్ ఇచ్చారు. ఆ రిపోర్ట్ ప్రస్తుతం ల్యాబ్‌లో కెమికల్ సీసాల వెనకాల ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు, మా అమ్మకి తప్ప. ఆమెకి కూడా సగమే తెలుసు.

ఎట్టా మొదలైందంటే, మా అక్క కూతురి కొడుక్కి నాలుగేళ్ళు. మాటలు రాలేదని, పిలిస్తే తిరిగి చూడడని నెల్లూరులో థెరపీకి తీసుకెళ్తున్నారు. ఒక రోజు వాళ్ళని బండి మీద దింపి నేనూ లోపల కూర్చున్నాను. పిల్లాడు ఒకటే ఏడుపు. మా మేనకోడలు ఫారం నా చేతిలో పెట్టి, మామా నేను చెప్తుంటా నువ్వు టిక్కులు పెట్టు అనింది. శబ్దాలకి చెవులు మూసుకుంటాడా, వస్తువులు వరసగా పేరుస్తాడా, తిండి ఒకటే రకం కావాలంటాడా, చొక్కా లేబుల్ గుచ్చుకుంటుందంటాడా. ఆమె నోరు తెరిచేలోపలే నేను టకటకా పెట్టేస్తున్నాను. చూసి, ఇదేంది మామా, వాడికి లేబుళ్ళ బాధ లేదే అనింది. వాడికి లేదు. నా చొక్కాలన్నిటికీ లేబుల్ బ్లేడుతో కోసేసి ఉంటుంది, పెళ్ళి చొక్కాతో సహా.

రిపోర్ట్ చేతికొచ్చిన రోజు చెన్నైలో రైలెక్కి గూడూరు దాకా కిటికీలోంచి చూస్తా కూర్చున్నాను. ఏడుపు రాలేదు. పాత సంగతులు ఒక్కొక్కటే వచ్చి, ఓహో అందుకా, ఓహో అందుకా అని పోతున్నాయి. టెన్త్‌లో పీటీ సారు, ఏరా నేనంటే లెక్కలేదా నీకు అంటే, లెక్కల పీరియడ్ ఇప్పుడే అయిపోయింది సార్ అని చెప్పి బెత్తం విరిగేదాకా తిన్నాను. ఎగతాళి చేశాననుకున్నాడు. నా పెళ్ళిలో తలంబ్రాలప్పుడు బ్యాండు మేళం చెవి పక్కన కొడితే మండపం మీంచి లేచిపోయి నీళ్ళ ట్యాంకు వెనకాల నిలబడ్డాను. మా మామగారు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

అసలు సమస్య ఏందంటే మా ఆవిడకి ఎట్టా చెప్పాలి. కాపురానికొచ్చి 22 ఏళ్ళు. పాపకి డిగ్రీ అయిపోయింది, సంబంధాలు చూస్తున్నాం. తండ్రికి ఏదో ఉందంట అనే మాట బయట పడితే మా వైపు రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ తెగులు కంటే తొందరగా పాకుతుంది. ఇట్టాంటి పరిస్థితి ఎవరికన్నా వచ్చిందా?

ఒంగోలు_గిత్త
శుక్రవారం, రాత్రి 11:41

అన్నా తప్పుగా అనుకోవద్దు. ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, అందరికీ ఆటిజమే, అందరికీ ఏడీహెచ్‌డీనే. శబ్దం పడదు, ఒకటే కూర తింటా, ఎవరితో కలవను... ఇట్టా లెక్కేస్తే మా వీధిలో సగం మందికి సర్టిఫికెట్ ఇవ్వాలి. మాటలు రాని పిల్లలకి కదా ఆటిజం అనేది? నువ్వు ఉద్యోగం చేస్తున్నావు, పెళ్ళి చేసుకున్నావు, కూతుర్ని చదివించుకున్నావు. 46 ఏళ్ళు లేని జబ్బు ఇప్పుడు నెత్తిన పెట్టుకోవడం ఎందుకు. మా తాతల కాలంలో ఇవన్నీ ఉన్నాయా?

ఉప్పునీళ్ళు
శుక్రవారం, రాత్రి 11:50

తప్పుగా అనుకోలేదు. 46 ఏళ్ళుగా ఉన్నదే, ఇప్పుడు తెలిసింది. జబ్బు అని రిపోర్ట్‌లో ఎక్కడా రాయలేదు. మీ వీధిలో సగం అంటే ఎంతమంది?

ఒంగోలు_గిత్త
శుక్రవారం, రాత్రి 11:52

మాటవరసకి అన్నాలే అన్నా.

లెక్కల_టీచర్
శనివారం, ఉదయం 5:35

మాది కావలి. 51 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. (నేనంటే లెక్కలేదా అన్నది చదివి పొద్దున్నే ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఆ దెబ్బలకి మాత్రం సారీ.)

ఒంగోలు తమ్ముడూ, తాతల కాలంలో ఎందుకు లేవు, ఉన్నాయి. పేరు లేదు గానీ పెట్టుడు పేర్లు బోలెడు. తిక్కోడు, ముంగి, పొగరుబోతు, ఒంటెద్దు. మా పెదనాన్న ఒకాయన ఊళ్ళో ఎవరు ఏ తిథినాడు పుట్టారో, ఆ రోజు ఏ వారమో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ఎవరింటి గడపా తొక్కేవాడు కాదు. ఆయన్ని పంచాంగం పిచ్చోడు అనేవాళ్ళు. పోయేదాకా అదే పేరు, సమాధి రాయి మీద తప్ప అసలు పేరు ఎక్కడా వినలేదు నేను.

మన వయసు వాళ్ళం ఎందుకు దొరకలేదో కొంచెం చదివాను. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి రాశాడు. మరుసటి ఏడాదే వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇంకో రకం పిల్లల గురించి, మాటలు బాగా వచ్చి మనుషులతోనే ఇబ్బంది పడేవాళ్ళ గురించి రాశాడు. అది జర్మన్‌లో ఉండిపోయింది. లండన్‌లో లోర్నా వింగ్ అనే డాక్టరమ్మ, ఆమె కూతురికి కూడా ఆటిజమే, 1981లో బయటికి తీసేదాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆస్పెర్గర్ చెప్పిన ఆ రకం అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలోకి ఎక్కింది 1994లో. అప్పటికి ఈ పోస్టు పెట్టినాయన టెన్త్, నేను డిగ్రీ. మీ పీటీ సారుకి ఎవరు చెప్తారు ఇవన్నీ.

నా సంగతికొస్తే, స్టాఫ్ రూమ్‌లో కూర్చోవడానికి నాకు మూడు ప్రశ్నలు రెడీగా ఉంటాయి. చీర ఎక్కడ తీసుకున్నారు, కూరేం చేశారు, పిల్లల పరీక్షలు అయిపోయాయా. ఉద్యోగంలో చేరిన కొత్తలో మిగతా టీచర్లని ఆరు నెలలు గమనించి తయారు చేసుకున్నాను. ఎప్పుడు నవ్వాలో కూడా చూసి నేర్చుకున్నదే. అందరూ నన్ను కలుపుగోలు మనిషి అంటారు. ఇంటికొచ్చాక గది తలుపేసి, లైటు ఆర్పి గంటసేపు పడుకుంటాను, ఆ గంట నాతో ఎవరూ మాట్లాడకూడదు. మా అత్తగారు దాన్ని టీచరమ్మ పొగరు అనేది. పెళ్ళి కాకముందు మా అమ్మ రొట్టెల పండగకి తీసుకుపోయి, స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి వరసగా మూడేళ్ళు పెళ్ళి రొట్టె పట్టించింది. ఆ జనంలో, ఆ తోపులాటలో నేను మొక్కుకున్నది ఒకటే, తొందరగా ఇంటికి పోవాలని.

నెల్లూరులో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. నా వైపు చూసి, కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నారు, గవర్నమెంట్ ఉద్యోగం చేస్తున్నారు, మీకు ఆటిజం ఏందమ్మా, మెనోపాజ్ టెన్షన్ అని టాబ్లెట్ రాశాడు. కళ్ళలోకి కాదు, ఆయన కనుబొమల మధ్య చూస్తున్నానని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఫీజు ఇచ్చి వచ్చేశాను.

నల్లరాయి
శనివారం, మధ్యాహ్నం 2:10

మాది చీమకుర్తి. 54. నేను టెస్టులేవీ చేయించుకోలేదు, ఉద్దేశం కూడా లేదు, కానీ ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

క్వారీలో బ్లాకులు కొలిచే పని నాది. గెలాక్సీ రాయి చూసే ఉంటారు, నల్లగా ఉండి లోపల బంగారు చుక్కలు మెరుస్తాయి. వెంట్రుకవాసి పగులుంటే మామూలుగా కంటికి కనపడదు. బ్లాకు మీద నీళ్ళు కొట్టి, ఆరేటప్పుడు చూడాలి. రాయంతా ఆరిపోయినా పగులున్నచోట సన్నగా తడి గీత మిగులుతుంది. మిగతావాళ్ళు నీళ్ళు కొట్టి టీ తాగడానికి పోతారు. నేను అక్కడే నిలబడి చూస్తాను, నాకు ఇష్టం అది. ఒకసారి చైనా నుంచి బయ్యర్లు వచ్చారు. మా ఓనరు వాళ్ళ ముందు నన్ను పిలిచి, నువ్వు చెప్పబ్బయ్యా రాయి ఎట్టుంది అన్నాడు. ఎడమ మూలలో క్రాక్ ఉంది సార్, అడుగున్నర లోపలికి పోయింది అన్నాను. తెలుగు రాని చైనావాడికి కూడా క్రాక్ అన్న మాట అర్థమైంది. సాయంత్రానికి నా లెక్క తేల్చి పంపించారు.

నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన అడిగింది రాయి ఎట్టుందని. నేను చెప్పింది రాయి ఎట్టుందో. 20 ఏళ్ళలో ఐదు క్వారీలు మారాను, ఇట్టాంటి కారణాలే. మనుషుల్లో ఇమడలేనోడు బతికి ఏం లాభం అని క్వారీ గుంట అంచున నిలబడిన రోజు కూడా ఉంది. అది అయిపోయిందిలే.

కోవూరు_కోడలు
శనివారం, రాత్రి 9:30

మీ అందరి మాటలు చదువుతుంటే నాకు జాలి రావాలేమో, కోపం వస్తోంది. ఎందుకో చెప్తాను.

మా నాన్న పోయిన రోజు. శవం ఇంకా హాల్లోనే ఉంది. నేను వరండాలో స్తంభానికి ఆనుకుని ఏడుస్తున్నాను. మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏదో ఒక మాట అంటాడనుకున్నాను. ఐస్ బాక్సు వాడు గంటకి ఎంత అడుగుతున్నాడో తెలుసా అన్నాడు. అంతే. తర్వాత పెద్దకర్మ దాకా అన్ని పనులూ ఒంటిచేత్తో చేశాడు, పూల వాడి దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా పైసాతో సహా లెక్క రాసి మా అన్నకి ఇచ్చాడు, ఆ మాట కాదనను. కానీ నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. పదహారేళ్ళయింది, ఆ ఐస్ బాక్సు మాట నా చెవిలోంచి పోలేదు.

ఇప్పుడు మీరు పేరు దొరికింది, ఓహో అందుకా అంటున్నారు. బాగుంది. పక్కన పడుకునేవాళ్ళ సంగతేంది? మాకు ఎవరిస్తారు రిపోర్టు?

ఉప్పునీళ్ళు
శనివారం, రాత్రి 11:58

కోవూరు అమ్మా, మీకు మూడుసార్లు రాసి కొట్టేశాను. మా అత్తగారు పోయినప్పుడు నేను కూడా మూడు రోజులూ షామియానా వాడితోనే ఉన్నాను. అక్కడైతే ఏం చేయాలో తెలుస్తుంది. మా ఆవిడ దగ్గరికి పోతే ఏం చేయాలో, చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో తెలియదు. తప్పు చేస్తే ఇంకా ఎక్కువ ఏడుస్తుందేమోనని భయం. ఐస్ బాక్సు వాడు ఎక్కువ అడిగితే నాకు చాలా కోపం వచ్చేది, మా అత్తగారి దగ్గర కూడా మోసమా అని. ఆ బేరం ఆడటమే నా ఏడుపు అనుకోండి. ఇంతకంటే చెప్పడం రావడం లేదు.

కోవూరు_కోడలు
ఆదివారం, ఉదయం 6:15

రెండుసార్లు చదివాను. ఇంకా కోపంగానే ఉంది.

క్లినిక్_కబుర్లు
ఆదివారం, ఉదయం 11:05

మాది కనిగిరి, హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేస్తున్నాను. ఎవరినీ చూడకుండా ఇక్కడ ఎవరికీ ఉందనీ లేదనీ చెప్పను.

ముందు నల్లరాయి గారికి. అయిపోయిందిలే అన్నారు, సంతోషం. మళ్ళీ ఎప్పుడన్నా ఆ ఆలోచన వస్తే టెలీ మానస్ 14416కి చేయండి, గవర్నమెంటుదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇది ఊరికే చెప్పే మాట కాదు, చిన్నప్పుడు తెలియక పెద్దయ్యాక తెలిసినవాళ్ళలో డిప్రెషన్, యాంగ్జైటీ చాలా ఎక్కువగా చూస్తాం.

గిత్త గారు సగం కరెక్ట్. రీల్స్ చూసి మాకు ఉందని వచ్చేవాళ్ళు ఉన్నారు. రక్తపరీక్షలో, స్కాన్‌లో ఇది తేలదు. కేంబ్రిడ్జ్ వాళ్ళు 2001లో తయారుచేసిన 50 ప్రశ్నల పేపరు నెట్‌లో దొరుకుతుంది, 32 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అనుమానించమంటారు. అది జల్లెడ మాత్రమే, తక్కెడ కాదు. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్ళకీ, చిన్నప్పుడు దెబ్బలు తిని పెరిగినవాళ్ళకీ అందులో మార్కులు పెరగొచ్చు. అందుకే చిన్నతనంలో ఎట్టా ఉన్నారన్నది తప్పకుండా అడుగుతాం, ఇది నడివయసులో కొత్తగా పుట్టేది కాదు కాబట్టి. మాటలు రాని పిల్లలకే అన్నది మాత్రం పాత మాట. 2013 నుంచి ఈ రకాలన్నీ కలిపి ఒకే స్పెక్ట్రమ్ అంటున్నారు. బుద్ధిమాంద్యం వేరు, ఇది వేరు. కొందరికి రెండూ ఉంటాయి.

టీచర్ గారూ, కళ్ళలోకి చూస్తే ఆటిజం లేదు అనడం తప్పు. మీరు చేసేదాన్ని మాస్కింగ్ అంటాం. ఆడవాళ్ళలో ఎక్కువ కనపడుతుంది, అందుకే వాళ్ళు ఇంకా ఆలస్యంగా బయటపడతారు. ఇంకో చోట చూపించుకోండి. సైకియాట్రిస్ట్ అయినా సరే, సైకాలజిస్ట్ అయితే ఆర్సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, సిగ్గుపడక్కర్లేదు. బెంగళూరు నిమ్హాన్స్, సికింద్రాబాద్ నీపిడ్, చెన్నై దగ్గర ముట్టుకాడులో నీప్‌మెడ్ ఉన్నాయి, మూడూ సెంట్రల్ గవర్నమెంటు సంస్థలే. నెల్లూరులో సీఆర్సీ అని వికలాంగుల కోసం పెట్టిన గవర్నమెంటు సెంటర్ ఉంది, పెద్దవాళ్ళని చూస్తారా అని ముందు ఫోన్‌లో కనుక్కుని పోండి.

కోవూరు గారికి రిపోర్ట్ ఇవ్వలేను. ఒక్క సంగతి. డేమియన్ మిల్టన్ అని ఇంగ్లండ్‌లో ఒకాయన, ఆయనా ఆటిస్టే, 2012లో ఒక మాట చెప్పాడు. ఆటిజం ఉన్నవాళ్ళకి అవతలివాళ్ళ మనసు తెలియదు అంటారు కదా, అవతలివాళ్ళకి కూడా వీళ్ళ మనసు అంతే తెలియదు, లోపం రెండువైపులా సమానమే అని. అంతమాత్రాన పదహారేళ్ళ బాధ తీరుతుందని నేననను.

ఒంగోలు_గిత్త
ఆదివారం, మధ్యాహ్నం 1:20

సగం కరెక్ట్ అన్నందుకు థాంక్స్ సార్, ఇంట్లో అది కూడా అనరు. సదరం సర్టిఫికెట్ వస్తుందా దీనికి? పెన్షన్ కోసం అడగడం లేదు, ఊరికే తెలుసుకుందామని.

క్లినిక్_కబుర్లు
ఆదివారం, మధ్యాహ్నం 3:00

1995 చట్టంలో వైకల్యాలు 7, ఆటిజం అందులో లేదు. 2016 చట్టంలో 21 చేశారు, అందులో ఉంది. సర్టిఫికెట్‌కి ఇసా అనే 40 అంశాల స్కేలు వాడతారు, 70 అన్నా రావాలి. అన్నీ కప్పిపుచ్చుకుని బతకడం నేర్చినవాళ్ళకి అంత స్కోరు రావడం కష్టం. కాగితం కోసమే అయితే ఈ వయసులో తిరగొద్దని నా సలహా. మందు కూడా లేదు దీనికి. నిద్రకి, టెన్షన్‌కి ఇస్తారు గానీ ఆటిజం తగ్గడానికి ఇచ్చేది కాదు.

లెక్కల_టీచర్
ఆదివారం, సాయంత్రం 6:40

ఉప్పునీళ్ళు గారూ, చిన్నప్పటి సంగతులు ఎవరు చెప్పారు మీకు? మా అమ్మ పోయి ఎనిమిదేళ్ళు, నాకు చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఉప్పునీళ్ళు
ఆదివారం, రాత్రి 10:15

మా అమ్మే. 74 ఏళ్ళు. బుచ్చిలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. రెండో సిట్టింగ్‌లో సైకాలజిస్ట్ మేడమ్ అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆమెది మద్రాసు తెలుగు. నన్ను మాట్లాడొద్దు, వినమనింది.

మాటలెప్పుడు వచ్చాయమ్మా అంటే, మూడేళ్ళు దాటేదాకా ఒక్క మాట లేదమ్మా, వస్తానే మాత్రం ఆకాశవాణి విజయవాడ కేంద్రం అన్నాడు అనింది. రేడియోలో వార్తలాయన ఎట్టా చదివితే అట్టా అప్పజెప్పేవాడంట, అన్నం కావాలని మాత్రం అడగడం రాదంట. పిల్లలతో ఆడేవాడా అంటే, అందరూ వామనగుంటలాడుతుంటే వీడు పక్కన కూర్చుని చింతగింజలు నున్నవన్నీ ఒకవైపు, గరుకువి ఒకవైపు ఏరేవాడు, ఎవరన్నా కలిపేస్తే ఆ రోజు ఇల్లు పీకి పందిరేసేవాడు అనింది. గాలి సోకిందేమోనని మా నాయన వద్దంటున్నా ఏఎస్ పేట దర్గాకి తీసుకుపోయి మూడు రాత్రులు నిద్ర చేయించిందంట. నాకు అది గుర్తుంది. గాలి గుర్తులేదు, అక్కడ వేసే సాంబ్రాణి వాసన గుర్తుంది. ఇప్పటికీ ఆ వాసనొస్తే నిద్రపడుతుంది.

ఇంకా అడుగుతుంటే అమ్మ ఉన్నట్టుండి, ఎందుకమ్మా ఇవన్నీ అడుగుతుండావు, నేను సరిగ్గా పెంచలేదని ఎవరన్నా అన్నారా అనింది. గొంతు మారిపోయింది. మేడమ్ ఏదో సర్ది చెప్పింది. ఒకప్పుడు డాక్టర్లే అట్టా అనేవాళ్ళంట కదా, తల్లి మనసు చల్లగా లేక గడ్డకట్టి ఉంటే పిల్లలు ఇట్టా అవుతారని?

క్లినిక్_కబుర్లు
ఆదివారం, రాత్రి 10:50

అవును. ఫ్రిజ్ లాంటి తల్లులు అని పేరు కూడా పెట్టారు. బ్రూనో బెటెల్‌హైమ్ దాన్ని బాగా ప్రచారం చేశాడు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్, కొడుక్కి ఆటిజం ఉన్న తండ్రి, అదంతా తప్పని, ఇది మెదడుకి సంబంధించిందని గట్టిగా రాశాడు. ఇప్పుడు ఎవరూ నమ్మరు. మన ఊళ్ళలో మాత్రం అత్తలు ఇంకా నమ్ముతారు. అమ్మగారికి ఆ మాట మీరే నేరుగా చెప్పండి.

ఉప్పునీళ్ళు
ఆదివారం, రాత్రి 11:10

చెప్పాను. ఫోన్ పెట్టేసే ముందు ఆమే అనింది, మా నాయన కూడా అచ్చం ఇంతేనబ్బయ్యా, ఆయన్ని ఎవరూ మద్రాసు తీసుకుపోలేదు అని.

పెద్దరెడ్డిపాలెం_పేరయ్య
సోమవారం, ఉదయం 8:25

పెళ్ళి సంబంధాలు కుదర్చడం నా సైడు పని, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. పాప పెళ్ళయ్యేదాకా ఆ రిపోర్టు సీసాల వెనకాలే ఉండనీ. మూడు తరాలు తిరగేసి చూస్తున్నారు ఈ రోజుల్లో. షుగరుందంటేనే వెనక్కి పోతుండారు.

లెక్కల_టీచర్
సోమవారం, రాత్రి 8:00

దాచి చేసిన పెళ్ళిళ్ళు ఎట్టా ఏడ్చాయో మీకే ఎక్కువ తెలిసి ఉండాలి పేరయ్య గారూ.

కానర్ రాసిన ఆ 11 మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. పెద్దయ్యాక ఆ ఊళ్ళోనే, వాళ్ళ కుటుంబం బ్యాంకులో పనిచేశాడు, రోజూ గోల్ఫ్ ఆడాడు, 89 ఏళ్ళు బతికి 2023లో పోయాడు. ఆయన ఎట్టాంటివాడో ఊరందరికీ తెలుసు, అయినా మా మనిషే అని చూసుకున్నారు. డబ్బున్న ఇల్లు, అది కూడా ఒక కారణమేలెండి, కాదనను. మన పంచాంగం పెదనాన్నకి బ్యాంకు లేదు.

క్లినిక్_కబుర్లు
సోమవారం, రాత్రి 9:10

కుటుంబాల్లో వస్తుంది, నిజమే, ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. అవతలివాళ్ళకి చెప్పాలా వద్దా అన్నది తర్వాత. ముందు పాపకి తెలియాలి కదా, పెళ్ళి ఆమెది.

ఒంగోలు_గిత్త
మంగళవారం, రాత్రి 10:30

నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ ఒకటి చెప్తా. మా చిన్నాన్న టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ చేసేవాడు. కళ్ళు మూసుకుని ఆకు వేళ్ళతో నలిపి ఏ గ్రేడో చెప్పేవాడు, వేలంలో బోర్డు వాళ్ళు కూడా అదే వేసేవాళ్ళు. మా ఇంట్లో ఏ ఫంక్షన్‌కి పిలిచినా వచ్చి, చెప్పులు విప్పకుండా గడప బయట నుంచే చదివింపులు ఇచ్చి వెళ్ళిపోయేవాడు. మా నాన్నకి దాని మీద 30 ఏళ్ళ కోపం, గడప తొక్కడం లేదని. మొన్న ఈ పోస్టులు మా నాన్నకి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు. లేచి చిన్నాన్న నంబర్ ఉందా నీ దగ్గర అన్నాడు.

నల్లరాయి
మంగళవారం, రాత్రి 11:00

చేశాడా?

ఒంగోలు_గిత్త
మంగళవారం, రాత్రి 11:04

చేశాడు. ఈ ఏడు రేటు ఎట్టుంది అని పొగాకు గురించే మాట్లాడుకున్నారు, నలభై నిమిషాలు.

ఉప్పునీళ్ళు
ఆ తర్వాత సోమవారం, రాత్రి 9:45

చెప్పేశాను. నిన్న ఆదివారం. మా ఆవిడ దొడ్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. రిపోర్ట్ తెచ్చి ఎదురుగా పీట మీద పెట్టాను. చేతులు కడుక్కుని, తుడుచుకుని, మొదటి పేజీ చదివి, తెలుగులో చెప్పండి అనింది. చెప్పాను, ఫారం మీద టిక్కుల దగ్గర్నుంచి అమ్మ ఫోన్ దాకా. మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు, అది చాలా కష్టంగా ఉండింది నాకు, ఏమనుకుంటోందో తెలియక.

అంతా విని, పెళ్ళిచూపులకొచ్చి నన్ను చూడకుండా మా ఇంట్లో ఫ్యాను చూస్తా కూర్చున్నారు కదా, మా జేజి ఆ రోజే చెప్పింది, ఈ అబ్బయ్యకి ఏదో తేడా ఉంది, కానీ అబద్ధం చెప్పే రకం కాదు, చేసుకో అని, అనింది. ఆ ఫ్యానుకి బేరింగ్ పోయింది అప్పుడు అన్నాను. తెలుసు, నెల తిరక్కుండానే ఆగిపోయింది అనింది.

తర్వాత ఏడ్చింది. ఎందుకంటే, మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులూ మీరు షామియానా కిందే ఉన్నారు అనింది. కోవూరు అమ్మకి ఇక్కడ రాసింది ఫోన్‌లో తీసి చూపించాను. చదివి ఫోన్ తిరిగి ఇచ్చింది. చెయ్యి ఎక్కడ పెట్టాలి అని అడిగాను. ఎక్కడా వద్దు, ఊరికే ఇక్కడ కూర్చోండి అనింది. కూర్చున్నాను. మిగతా రొయ్యలు నేనే ఒలిచాను.

పాప విషయం మాత్రం తెగలేదు. ఆవిడ పేరయ్య గారి పార్టీ, పెళ్ళయ్యాకే అంటోంది. నేను ముందే చెప్పాలంటున్నాను. ఈ రోజు పొద్దున కూడా దాని మీద గొడవే. కానీ గొడవ మధ్యలో వంటింట్లోకి పోయి, మిక్సీ వేస్తున్నా అని గట్టిగా అరిచి ఐదు సెకన్లు ఆగి వేసింది. 22 ఏళ్ళలో ఎప్పుడూ అట్టా చెప్పి వేయలేదు. నేను అడగనూ లేదు.

నల్లరాయి
సోమవారం, రాత్రి 10:20

ఫ్యాను బేరింగ్ శబ్దం ఎట్టా ఉండింది, గరగరా, కిచకిచా?

ఉప్పునీళ్ళు
సోమవారం, రాత్రి 10:22

తిరిగినప్పుడల్లా ఒక్కసారి టిక్కుమనేది. చెరువుల్లో నీళ్ళు చిలికే మా ఏరేటర్లకి కూడా అదే ముందు వస్తుంది.

కోవూరు_కోడలు
మంగళవారం, ఉదయం 7:00

రాత్రి మా ఆయన్ని కూర్చోబెట్టి ఆ 50 ప్రశ్నలూ తెలుగులో చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఏడో ప్రశ్న దగ్గర ఆపి, ఇది సరిగ్గా రాయలేదు, దీనికి రెండు అర్థాలొస్తున్నాయి, ఏ అర్థానికి జవాబు చెప్పాలి అన్నాడు. పొద్దున లేచి చూస్తే కాగితం మీద రెండు అర్థాలూ విడివిడిగా రాసి, రెండిటికీ జవాబులు రాసి పెట్టి ఉన్నాడు. ఇంకా ఏడోదే.